రాళ్లను చదివిన వైద్యుడు: హెన్రీ వెస్లీ వాయిసీ

కుండల్‌వాడి నుంచి పడమటికి పోయేకొద్దీ నేల నల్లరేగడిగా మారుతుంది. నూతులు తవ్వితే నల్లరాయి తగులుతుంది. మంజీర దాటి బోధన్, నిజామాబాదు వైపు సాగితే దృశ్యం వేరు. ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలిచిన గుండ్రాళ్ల గుట్టలు, ఎర్రచెలకలు కనిపిస్తాయి. బిలోలి, దెగ్లూరు, ధర్మాబాదు ప్రాంతాల రైతుకు ఈ తేడా నాగలి మొన నేర్పిన పాఠం. ఏ చేనులో పత్తి పండుతుందో, ఏ చేనులో జొన్న నిలుస్తుందో తాతల నాటి నుంచి వారికి తెలుసు. అయితే ఆ నల్లరాయి ఎక్కడి నుంచి వచ్చింది, గుండ్రాయి ఎందుకు గుండ్రంగా ఉంది, వాటి కడుపులో ఏమున్నదన్న ప్రశ్నలను శాస్త్రరీతిలో వేసుకుని, నిజాం రాజ్యపు అడవుల్లోనూ గుట్టల్లోనూ మొదటగా తిరిగినవాడు ఒక వైద్యుడు. ఆయన పేరు హెన్రీ వెస్లీ వాయిసీ. భారత భూగర్భ శాస్త్రానికి పితామహుడని కొందరు పండితులు ఆయనను గౌరవిస్తారు. ఈ నేలపై ఆ పని చేసినది ఐదారేళ్లే. ఆ కొద్దికాలానికి ఆయన చెల్లించిన మూల్యం తన ప్రాణం.

కొలతల దళంలో వైద్యుడు

వాయిసీ 1791లో జన్మించాడు. వైద్యం చదివి బ్రిటిష్ సైన్యంలో శస్త్రవైద్యుడిగా చేరి భారతదేశానికి వచ్చాడు. ఆ కాలంలో యూరపులో రాళ్ల శాస్త్రం ఇంకా బాల్యదశలో ఉంది. లండన్‌లో భూగర్భ శాస్త్ర సంఘం ఏర్పడినది 1807లో. ఇంగ్లండు దేశపు రాళ్ల పొరలను చూపే పెద్ద పటాన్ని విలియం స్మిత్ వెలువరించినది 1815లో. రసాయనం, వృక్షశాస్త్రం, ఖనిజ పరిచయం వైద్య విద్యతో చేయి కలిపి నడిచిన రోజులవి. అందువల్ల కంపెనీ కొలువులోని వైద్యులలో పలువురు చెట్లనూ రాళ్లనూ సేకరించడం అలవాటుగా పెట్టుకున్నారు. వాయిసీకి రాళ్ల మీద మనసు నిలిచింది.

దక్షిణ దేశంలో అప్పటికే ఒక మహాకార్యం సాగుతోంది. విలియం ల్యాంబ్టన్ అనే సైనికాధికారి 1802లో మద్రాసు వద్ద ఒక ఆధార రేఖను కొలిచి, అక్కడి నుంచి త్రిభుజాల గొలుసు అల్లుకుంటూ దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. కన్యాకుమారి దిక్కు నుంచి ఉత్తరానికి సుమారు 78వ రేఖాంశం వెంబడి సాగిన ఆ గొలుసుకు మహా చాపమని పేరు. కుండల్‌వాడి ఆ రేఖకు అతి సమీపంలో ఉంది. 1815లో బీదరు ప్రాంతంలో దామరగిద్ద వద్ద మరో ఆధార రేఖను కొలిచారు. అక్కడి నుంచి గొలుసు మంజీర, గోదావరి లోయలు దాటి విదర్భ వైపు సాగింది. సుమారు అర టన్ను బరువు గల థియోడలైటు యంత్రాన్ని కూలీలు గుట్టల మీదికి మోసేవారు. కొండ కొమ్మునో కోట బురుజునో గుడి గోపురాన్నో ఆసరాగా చేసుకుని కోణాలు చూసేవారు.

1818 జనవరి నుంచి ఈ కొలత గవర్నర్ జనరల్ ప్రత్యక్ష పర్యవేక్షణ కిందికి వచ్చి మహా త్రికోణమితీయ సర్వే అయింది. హైదరాబాదు దానికి కేంద్రస్థానం. వయసు పైబడుతున్న ల్యాంబ్టన్‌కు సాయంగా ఇద్దరు యువకులను నియమించారు. ప్రధాన సహాయకుడు జార్జి ఎవరెస్టు. తరువాతి కాలంలో హిమాలయాల ఎత్తైన శిఖరానికి పేరుగా నిలిచినది ఈయన పేరే. దళానికి వైద్యుడిగానూ భూగర్భ పరిశీలకుడిగానూ నియమితుడైనవాడు వాయిసీ. రోగులకు మందులివ్వడం ఒక బాధ్యత. దళం నడిచే దారి పొడవునా రాళ్లను, ఖనిజాలను, గనులను పరిశీలించి నివేదించడం రెండవ బాధ్యత. ఈ రెండవ బాధ్యత వెనుక శాస్త్ర కుతూహలం ఎంత ఉందో, నేలలోని సంపద లెక్క తెలుసుకోవాలన్న కంపెనీ ఆరాటమూ అంతే ఉంది.

ఎల్లాపురం అడవిలో

1819లో ఎవరెస్టు, వాయిసీ ఇద్దరినీ ల్యాంబ్టన్ హైదరాబాదుకు తూర్పున కృష్ణా గోదావరుల నడిమి సీమకు పంపాడు. త్రిభుజాల గొలుసును తూర్పుకు పొడిగించాలి. అది దట్టమైన అడవి, గుట్టలు, వాగుల సీమ. దారులు లేవు. కొండపైకి యంత్రం చేరాలంటే ముందు చెట్లు కొట్టాలి. ఒక కొండ నుంచి మరో కొండ కనిపించాలంటే మధ్యనున్న అడవినీ నరకాలి.

అందుకు వారు ఎంచుకున్నది వానాకాలం. ఇందుకు కారణముంది. ఎండాకాలంలో ధూళి, వేడి ఆవిరి చూపును అడ్డుకుంటాయి. వానకు గాలి కడిగినట్టవుతుంది. మేఘం విడిచిన గంటలో దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. ల్యాంబ్టన్ తన జీవితమంతా ఈ పద్ధతినే పాటించాడు. కొలతకు మేలు చేసిన ఆ కాలమే మనుషులకు గండమయింది. మూసీ పొంగి దారికి అడ్డుపడింది. గుడారాలు తడిసి ముద్దయ్యాయి. వానలు వెనకబడి అడవిలో నీరు నిలిచే రోజులకు దళం గోదావరి వైపున్న ఎల్లాపురం అడవిలో ఉంది.

అక్కడ జ్వరం అంటుకుంది. కొన్ని దినాల వ్యవధిలో ఎవరెస్టు పడిపోయాడు, వాయిసీ పడిపోయాడు, అనుచరుల్లో సుమారు 150 మంది పడిపోయారు. మందివ్వవలసిన వైద్యుడే మంచం పట్టాడు. పని ఆపి వెనుదిరగడం తప్ప గత్యంతరం లేకపోయింది. దొరలిద్దరినీ డోలీలలో మోసుకుంటూ హైదరాబాదు దారి పట్టారు. నడవలేని బంట్రోతులు, కూలీలు దారి వెంట చెట్ల కింద ఒరిగిపోయారు. కబురు అందగానే హైదరాబాదు నుంచి ఏనుగులు, ఒంటెలు, పల్లకీలు ఎదురు పంపి వారిని చేర్చుకున్నారు. దాదాపు 15 మంది దారిలోనే మరణించారు. ఎవరెస్టు తరువాత ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణ కొసకు ఓడ ఎక్కవలసి వచ్చింది. మరణించినవారి పేర్లు మాత్రం చరిత్రకు ఎక్కలేదు.

నాటివారు దానిని అడవి జ్వరమన్నారు. కుళ్ళిన ఆకుల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని నమ్మారు. ఆ లక్షణాలు నేటి మలేరియాతో సరిపోలుతాయి. సింకోనా బెరడు నుంచి క్వినైనును వేరుచేసినది ఆ మరుసటి సంవత్సరం, 1820లో. ఆ జ్వరపు క్రిమి దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897లో, అదీ ఆ దళం మరలి వచ్చిన హైదరాబాదును ఆనుకుని ఉన్న సికింద్రాబాదులో. అంటే వాయిసీ తరం వైద్యులు కారణం తెలియని శత్రువుతో పోరాడారు. ఆ జ్వరం ఆయన దేహాన్ని లోలోపల గుల్ల చేసిందనడానికి తరువాతి ఐదేళ్లే సాక్ష్యం.

గుండ్రాళ్ల గుట్టు

కొంత కోలుకోగానే వాయిసీ మళ్లీ గుట్టల బాట పట్టాడు. హైదరాబాదు చుట్టూ ఉన్న రాళ్లను పరిశీలించి ల్యాంబ్టన్‌కు నివేదిక సమర్పించాడు. ఆయన గీసిన ఆ ప్రాంతపు రాళ్ల పటాన్ని భారతదేశంలో తయారైన తొలి భూగర్భ పటాల్లో ఒకటిగా చరిత్రకారులు లెక్కిస్తారు.

హైదరాబాదు, నిజామాబాదు సీమల్లో ఒకదానిపై ఒకటి నిలిచిన బండలను చూసి జనం దేవతలు పేర్చారనీ, రాక్షసులు విసిరారనీ కథలు చెప్పుకునేవారు. ఆ బండలు ఎక్కడి నుంచో దొర్లివచ్చినవి కావని వాయిసీ గ్రహించాడు. గ్రానైటు శిల ఎండకు, వానకు నెరులు విచ్చుకుని, ఉల్లిపొర వలె పైపొరలు ఊడిపోతూ, మూలలు కరిగి గుండ్రమవుతుంది. మధ్యలోని మెత్తని మన్ను కొట్టుకుపోగా గట్టి గుండు నిలుస్తుంది. నేడు బడిపిల్లలు సైతం చదువుకునే ఈ విషయం ఆనాటికి కొత్త.

నల్లరాయి సంగతి మరింత చిక్కు ప్రశ్న. బసాల్టు అనబడే ఆ రాయి ఆదిసముద్రపు నీటిలో పేరుకున్న మడ్డి అని యూరపులో ఒక వర్గం వాదించేది. భూగర్భపు అగ్ని నుంచి కరిగి పైకి పొంగినదని మరో వర్గం చెప్పేది. దక్కను పీఠభూమిలో వేల చదరపు మైళ్ల మేర పరచుకున్న నల్లరాయిని కాలినడకన చూసిన వాయిసీ రెండవ వాదం వైపే మొగ్గాడు. ఇది అగ్నిలో పుట్టిన రాయి అని నమ్మాడు. తరువాతి శాస్త్రం ఆయన మాటనే నిలబెట్టింది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం నేల చీలికల నుంచి లావా అలలు అలలుగా పొంగి దక్కనును కప్పిందని నేడు నిర్ధారణ అయింది. ఆ లావా పరుపు తూర్పు అంచుల్లో ఒకటి నాందేడు జిల్లాలోనే ఉంది. బిలోలి, దెగ్లూరు చుట్టుపక్కల నల్లరాయి ఆగి అతి ప్రాచీనమైన గ్రానైటు బయటపడుతుంది. పటం మీద రాష్ట్రాల సరిహద్దు 1956లో గీశారు. నేల గీసుకున్న ఈ సరిహద్దు అంతకు కోట్ల ఏళ్ల పాతది.

కోనసముద్రం కొలిమి

సరిహద్దు పల్లెల వారికి వాయిసీ జీవితంలో అన్నిటికన్నా దగ్గరి ఘట్టం కోనసముద్రం. నేడు నిజామాబాదు జిల్లాలో, గోదావరికి దక్షిణాన ఉన్న ఆ చిన్న ఊరి ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా ప్రయాణించింది. డమాస్కసు కత్తులని లోకం కీర్తించిన నీటిచారల కత్తులకు ముడిసరుకు ఈ సీమ నుంచే వెళ్లేది. మన ఉక్కు అనే మాట నుంచే ఆ లోహానికి ఊట్జ్ అనే పేరు యూరపులో వాడుకలోకి వచ్చిందని పండితుల అభిప్రాయం.

ఆ కొలిముల పనితీరును వాయిసీ దగ్గరుండి చూసి రాసుకున్నాడు. ముందుగా ముడి ఇనుము. దానిని ఒకే చోటి నుంచి తీసుకోరు. వేర్వేరు చోట్ల కరిగించిన రెండు రకాల ఇనుమును నిర్ణీత పాళ్లలో కలుపుతారు. ఈ సీమ ఇనుముకు పేరుపడిన చోట్లలో నిర్మల్ వైపున్న దిమ్మదుర్తి గుట్టలు ఒకటి. అక్కడి ముడి అయస్కాంత గుణం గలది. గ్రానైటు చివికి ఏర్పడిన మట్టిలో పాత మూసల పొడి, ఊక వంటివి కలిపి మూసలు చేస్తారు. ఇనుప ముక్కలను, కొద్దిగా గాజులాంటి చిట్టేన్ని మూసలో వేసి మట్టిమూతతో గాలి చొరకుండా బిగిస్తారు. వాటిని బొగ్గుల కొలిమిలో పేర్చి, తోలు తిత్తులతో రాత్రింబవళ్లు, 24 గంటల పాటు, ఆగకుండా ఊదుతారు. తిత్తి వద్ద మనిషి మారవచ్చు, గాలి మాత్రం ఆగరాదు.

కొలిమి నెమ్మదిగా చల్లారాక మూస పగలగొడితే గుండ్రని ఉక్కు బిళ్ల దొరుకుతుంది. అది అప్పటికి సుత్తెదెబ్బకు పగిలేంత పెళుసు. దానిని మట్టితో పూసి మళ్లీ గంటల తరబడి సన్నని మంటలో ఉంచుతారు. ఈ పనిని మూడు నాలుగు మార్లు చేసిన తరువాతే లోహం సుత్తెకు లొంగుతుంది. ఊక, బొగ్గు మసి నుంచి ఇనుములోకి చేరిన కర్బనమే దానికి ఆ కాఠిన్యాన్ని ఇస్తుందని నేడు తెలుసు. ఇటువంటి ఉక్కులో కర్బనం నూటికి 1 నుంచి 2 పాళ్లు ఉంటుంది. ఆ లెక్క తెలియని కమ్మరులు కంటి చూపుతో, మంట రంగుతో, చేతి అంచనాతో ఆ పాళ్లను తప్పకుండా సాధించేవారు.

వాయిసీ వెళ్లేసరికి ఆ ఊరిలో పర్షియా దేశపు వర్తకులు ఉన్నారు. వారు సరుకు కొని వెళ్లేవారు మాత్రమే కారు. ఇనుము తూకం వేయడం నుంచి మూస చల్లారేవరకు దగ్గరుండి చూసుకునేవారు. ఇదే పద్ధతిలో తమ దేశంలో ఉక్కు తీయాలని ప్రయత్నించి విఫలులయ్యారు. అందుకే వేల మైళ్ల దూరం, నెలల ప్రయాణం, దారిదోపిడీల భయం లెక్కచేయక మళ్లీ కోనసముద్రానికే వచ్చేవారు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే లండన్‌లో మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి భారత ఉక్కు రహస్యం ఏమిటో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో ఉక్కు మిశ్రమాలు తయారు చేస్తున్నాడు. విద్యుత్ శాస్త్రంలో తరువాత జగద్విఖ్యాతుడైన ఫారడేకు తొలినాళ్లలో పట్టుబడని చిక్కుముడిని మంజీర తూర్పు పల్లెల కమ్మరి రోజుకూలికి విప్పుతూ ఉన్నాడు. వాయిసీ రాత వల్ల ఆ పద్ధతి కాగితానికి ఎక్కింది. కొలిమి వద్ద నిలిచిన పనివారి పేర్లు ఎక్కలేదు. ఎల్లాపురం అడవిలో మరణించిన కూలీల విషయంలో జరిగినదే ఇక్కడా జరిగింది.

నల్లమల వజ్రాల వేట

ఉక్కు తరువాత వజ్రం. గోల్కొండ వజ్రాలని ప్రపంచం పిలిచినా అవి గోల్కొండలో తవ్వినవి కావు. కృష్ణా తీరాన కొల్లూరు, పరిటాల, రాయలసీమలో బనగానపల్లె, ఇంకా నల్లమల అంచులలోని గుట్టలు వాటి అసలు నెలవులు. ఉత్తర సర్కారులను కంపెనీకి అప్పగించినప్పుడు కూడా నిజాం వజ్రపు గనులున్న పరిటాల ప్రాంతాన్ని తన వద్దే ఉంచుకున్నాడంటే వాటి విలువ అర్థమవుతుంది. వాయిసీ కాలానికి ఆ వైభవం చాలావరకు తరిగిపోయింది. బ్రెజిల్‌లో 18వ శతాబ్దంలో గనులు బయటపడిన తరువాత లోకపు బజారు అటు మళ్లింది.

వజ్రం పుట్టిల్లు ఏ రాయి అన్నది వాయిసీ ప్రశ్న. అందరూ నదీతీరపు గులకరాళ్లలో, ఒండ్రుమట్టిలో వెతికేవారు. నది తెచ్చి పోసినదైతే ఎక్కడి నుంచి తెచ్చింది? ఆయన బనగానపల్లె వద్ద గనుల్లోకి దిగాడు. గట్టి ఇసుకరాయి పలకను ఛేదించి కొద్ది అడుగుల లోతుకు చిన్న గుంతలు తవ్వి, అక్కడి నుంచి అడ్డంగా సొరంగాలు తొలిచేవారు. లోపల నిలబడే ఎత్తు లేదు. చిన్న దీపపు వెలుగులో కూర్చుని, ఒంగి, గులకరాళ్లు ముద్దగా అతుక్కున్న పొరను పనివారు తవ్వి పైకి అందించేవారు. దానిని దంచి, కడిగి, నేల మీద పలుచగా పరిచి ఎండలో మెరుపు కోసం వెతికేవారు.

ఆ గులకరాళ్ల పొరే దక్షిణ దేశపు వజ్రాలకు మాతృశిల అని వాయిసీ నిర్ణయానికి వచ్చాడు. నదులు ఆ పొరను కోసుకుపోయినప్పుడు వజ్రాలు విడిపడి ఒండ్రులో చేరాయని వివరించాడు. అందులో సగం నిజం నిలిచింది. నదిలోని వజ్రానికి కొండలోని పొరే మూలమన్నది సరైనదే. అయితే ఆ పొర కూడా వజ్రానికి మజిలీ మాత్రమే. వజ్రం అంతకన్నా ఎంతో లోతున, భూమి అడుగుభాగపు విపరీతమైన ఒత్తిడిలో పుట్టి, కింబర్లైటు, లాంప్రాయిటు అనే అగ్నిశిలల వెంట పైకి వస్తుందని దక్షిణాఫ్రికా గనులు బయటపడిన 1870ల తరువాతనే లోకానికి తెలిసింది. అనంతపురం సీమలో వజ్రకరూరు వద్ద అటువంటి శిలలు ఉన్నాయి. తన కాలపు సాధనాలతో, కాలినడకన, ఒక వైద్యుడు అంతవరకు చేరడం చిన్న విషయం కాదు.

గని పనివారి నమ్మకాలను కూడా ఆయన నమోదు చేశాడు. పాత గుంతల పక్కన పారేసిన రాళ్లకుప్పలను కొందరు పదే పదే వెతికేవారు. చిన్న వజ్రపు తునకలు నేలలో పెరుగుతాయనీ, కొన్నేళ్లకు పెద్దవవుతాయనీ వారి విశ్వాసం. శాస్త్రానికి అది నిలవదు. అయితే వాన కురిసినప్పుడల్లా మట్టి కడుక్కుపోయి, పూర్వం కంటపడని రాయి పైకి తేలుతుంది. తొలకరి వానకు రాయలసీమ చేలల్లో జనం నేటికీ వజ్రాలు వెతకడానికి కారణం అదే. నమ్మకం తప్పయినా దాని వెనుక చూపు తప్పు కాదు.

గావిల్‌గఢ్ గుల్లలు

1823 జనవరి 20న వృద్ధుడైన ల్యాంబ్టన్ నాగపూరు దారిలో హింగన్‌ఘాట్ వద్ద గుడారంలో కన్నుమూశాడు. సర్వే పగ్గాలు ఎవరెస్టు చేతికి వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో వాయిసీ విదర్భలోని గావిల్‌గఢ్ కొండల్లో ఉన్నాడు. అది మేల్‌ఘాట్ అడవుల సీమ. నిట్టనిలువు లోయలు, నల్లరాతి మెట్లు, వెదురు పొదలు నిండిన ప్రదేశం.

అక్కడ నల్లరాతి పొరల నడుమ రాయిగా మారిన గుల్లలు ఆయన కంటపడ్డాయి. అగ్నిలో పుట్టిన రాయిలో నీటిజీవి పెంకు ఎలా చేరింది? ఈ ప్రశ్నకు జవాబు తరువాతి పరిశోధకులు పూర్తి చేశారు. లావా ఒక్కసారిగా పొంగలేదు. ఒక పొంగుకూ మరో పొంగుకూ మధ్య సుదీర్ఘ విరామాలు ఉన్నాయి. ఆ విరామాలలో చల్లారిన నల్లనేలపై చెరువులు నిండాయి, చెట్లు మొలిచాయి, నత్తలు తిరిగాయి. తరువాతి లావా వాటిని కప్పివేసింది. వాయిసీ తరువాత నిర్మల్ కొండల్లో కూడా ఇటువంటి శిలాజాలను మరో వైద్యుడు మాల్కమ్‌సన్ వర్ణించాడు. ఈ పొరల అధ్యయనం నేటికీ నడుస్తూనే ఉంది. దానికి తొలి వాకిళ్లలో ఒకదాన్ని తెరిచినవాడు వాయిసీ.

చివరి ప్రయాణం

ఆయన ఉత్తరాన ఆగ్రా రాళ్లను కూడా పరిశీలించాడు. తాజ్‌మహల్‌లో, ఇతర మొగలు కట్టడాలలో పొదిగిన రంగురాళ్లు ఏవో గుర్తించి ఒక వ్యాసం సిద్ధం చేశాడు. వజ్రపు గనులపై వ్యాసమూ సిద్ధమైంది. రాతపెట్టెల నిండా దినచర్యలు, నమూనాల జాబితాలు పోగయ్యాయి. దేహం మాత్రం సహకరించడం మానింది.

1824 ఏప్రిల్‌లో కలకత్తాకు సాగిన ప్రయాణమే చివరిది. మండుటెండల్లో బోయీలు మోసే పల్లకీలో, గమ్యం చేరకుండానే దారిలో వాయిసీ కన్నుమూశాడు. అప్పటికి ఆయన ముప్పయ్యవ పడి మొదటి భాగంలోనే ఉన్నాడు. అడవిలో 15 మందిని బలిగొన్న జ్వరం నుంచి బయటపడినవాడు, ఐదేళ్లు గడువుగా పొందినట్టు పనిచేసి వెళ్లిపోయాడు.

తాను రాసినది అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు పెద్దగా దక్కలేదు. వజ్రపు గనుల వ్యాసం, ఆగ్రా రాళ్ల వ్యాసం 1825లో ఏషియాటిక్ సొసైటీ పరిశోధనల 15వ సంపుటంలో వెలువడ్డాయి. కోనసముద్రం ఉక్కు వర్ణన 1832లో, హైదరాబాదు నివేదిక, గావిల్‌గఢ్ గుల్లల వ్యాసం 1833లో వచ్చాయి. దినచర్య భాగాలు ఇంకా తరువాతి దశాబ్దాలలో అచ్చయ్యాయి. మనిషి పోయిన పాతికేళ్లకు గాని ఆ పని వ్యవస్థగా నిలవలేదు. భారత భూగర్భ సర్వే సంస్థ థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వంలో 1851లో ఏర్పడింది.

మిగిలినవి

కృష్ణా గోదావరుల నడుమ వాయిసీ దళాన్ని పడగొట్టిన అడవుల సీమలోనే మరో నిధి దాగి ఉంది. ఆ సంస్థకు చెందిన విలియం కింగ్ 1870ల తొలి ఏళ్లలో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889 నాటికి తవ్వకం మొదలైంది. సింగరేణి గనులు అలా వెలిశాయి. తరువాతి కాలంలో గోదావరి లోయ పొడవునా అవి విస్తరించాయి. తెలుగు పల్లెల నుంచి వేల కుటుంబాలు ఆ గనుల వెంట తరలిపోయి బతుకు వెతుక్కున్నాయి.

కొల్లూరు కథ వేరు. జగత్ప్రసిద్ధమైన ఆ వజ్రపు గనుల చోటు పులిచింతల జలాశయపు నీట మునిగింది. కోనసముద్రం కొలిమి అంతకన్నా ముందే చల్లారింది. యూరపు యంత్రాల చవక ఉక్కు వచ్చింది. 1857 తిరుగుబాటు తరువాత దేశంలో ఆయుధాలపై ఆంక్షలు బిగిశాయి. అడవి బొగ్గు అందడం కష్టమైంది. కొలిమి ఆగితే తిత్తి ఊదే చెయ్యి మరో కూలి వెతుక్కుంది. తండ్రి నుంచి కొడుకుకు నోటిమాటగా, చేతిపనిగా అందిన విద్య మూడు నాలుగు తరాలలో మాయమైంది. 2010 ప్రాంతంలో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలలో తిరిగి, చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను ఊరూరా నమోదు చేశారు. వారి చేతిలోని పాత ఆధారాలలో వాయిసీ రాసిన కొద్ది పుటలు ముఖ్యమైనవి.

ఆ కొద్ది పుటలే లేకపోతే పర్షియా వర్తకులు దేనికోసం కోనసముద్రానికి వచ్చారో, రెండు ఇనుములను ఎందుకు కలిపారో, మూసను ఎన్ని గంటలు కాల్చారో నేడు ఊహించవలసి వచ్చేది. పాలకుల అవసరం కోసం వచ్చిన వైద్యుడు పల్లె పనివాడి పనిని శ్రద్ధగా చూసి, తప్పుపట్టక, ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టాడు. ఆయన జీవితంలో అన్నిటికన్నా విలువైన గుణం ఇదే.

సరిహద్దు పల్లెలలో చిట్టెపు దిబ్బలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. చేను చదును చేసేటప్పుడు బరువైన నల్లని గాజుపెళ్లలు, లోపల గాజుపూత పట్టిన మట్టిపెంకులు తేలుతూ ఉంటాయి. వాటిని గట్టున పారవేయడం సులువు. ఏ ఊరి కొలిమిలో కరిగిందో, ఏ తాత ఊదిన తిత్తి గాలికి మండిందో తెలిపే రాతలు అవే. పేర్లు మిగలని ఆ కమ్మరులకు, ఎల్లాపురం దారిలో ఒరిగిన కూలీలకు, వారి మధ్య తిరిగి వారివలెనే దారిలో మరణించిన ఆ వైద్యుడికి మంజీర, గోదావరుల నడుమ ఇంకా చెరగని గుర్తులు అవి.